ద్వీపంలో సొంత మరమ్మతు: అండమాన్‌లో కారు, పానా, ఉప్పుగాలి

దక్షిణ అండమాన్‌లోని జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర తెల్లవారకముందే వాహనాలు బారులు తీరుతాయి. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ రేవు వరకు దాదాపు 50 కిలోమీటర్ల దారి జారవా ఆదిమజాతి రక్షిత ప్రాంతం గుండా సాగుతుంది. పోలీసు రక్షణలో, వరుసగా మాత్రమే వెళ్లాలి. మధ్యలో వాహనం ఆపడానికి, ముందున్న బండిని దాటడానికి అనుమతి లేదు. ఆ అడవి దారిలో విడిభాగాల దుకాణం కాదు కదా, మెకానిక్ షెడ్డు కూడా ఉండదు. బ్యాటరీ తీగ వదులైనా, రేడియేటర్ గొట్టం చిట్లినా, ఆ ఇబ్బంది ఒక్క కారుతో ఆగదు. వెనుక వచ్చే వరుస అంతా నిలిచిపోతుంది.

కారు బానెట్ తెరిచి చూసుకోవడం, ఇంటి వెనుక చిన్న పనిముట్ల పెట్టె ఉంచుకోవడం ప్రధాన భూభాగంలో చాలామందికి సెలవు రోజు సరదా. అండమాన్ నికోబార్ దీవుల్లో అది సరదాతో పాటు అవసరం కూడా. అయితే ఇక్కడి వాతావరణం, దూరం ఆ సరదాకు తమవైన నియమాలు పెడతాయి. ఏ పనిముట్టు కొనాలి, దాన్ని ఎలా కాపాడుకోవాలి, ఏ పని ఇంట్లో చేసుకోవచ్చు, ఏ పనికి చేయి పెట్టకూడదు అన్నవి తెలిసి ఉంటే సొంత మరమ్మతు మేలు చేస్తుంది. తెలియకపోతే అదే ప్రమాదం తెచ్చిపెడుతుంది.

దూరం చెప్పే మొదటి పాఠం

2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురంగా పిలుస్తున్న పూర్వపు పోర్ట్ బ్లెయిర్, చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా రేవులకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడ ప్రయాణానికి 50 నుంచి 60 గంటలు పడుతుంది. ప్రయాణికుల ఓడలు చెన్నై, కోల్‌కతాల నుంచి సాధారణంగా నెలకు మూడు నాలుగు సార్లు, విశాఖ నుంచి ఒకసారి నడుస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్రలో బంధుత్వాలున్న కుటుంబాలు విశాఖ ఓడ కోసం ఎదురుచూడటం ఇక్కడ పరిపాటి. ఆ ఎదురుచూపు మనుషుల కోసమే కాదు, సామాన్ల కోసం కూడా.

విమానంలో తెప్పించుకోవచ్చు కదా అనిపించవచ్చు. చిన్న సెన్సర్, ఫిల్టర్ వంటివి అలా వస్తాయి. కానీ బోల్టులు వదులు చేసే స్ప్రే డబ్బాలు, మండే స్వభావమున్న శుభ్రపరిచే ద్రవాలు, ఆమ్లం నింపిన బ్యాటరీలు విమాన రవాణా నిబంధనల ప్రకారం ప్రమాదకర వస్తువులు. వాటిని మామూలు పార్సిల్‌గా పంపడం కుదరదు. అందుకే ఇలాంటివి ఎక్కువగా సముద్రమార్గంలోనే చేరతాయి. శ్రీవిజయపురంలో దొరకనిది మాయాబందర్‌కు, డిగ్లీపూర్‌కు, స్వరాజ్ ద్వీప్‌కు చేరాలంటే మరో ప్రయాణం అదనం.

ఇక్కడ తప్పుడు నిర్ధారణ ఖరీదు ఎక్కువ కావడానికి కారణం ఇదే. హైదరాబాద్‌లో పొరపాటున వేరే విడిభాగం కొంటే సాయంత్రానికి మార్చుకోవచ్చు. దీవిలో అదే పొరపాటు కొన్ని వారాలు కారును నిలబెడుతుంది. కాబట్టి ఇక్కడి ఇంటి వర్క్‌షాపుకు మొదటి ప్రయోజనం విప్పి బిగించడం కాదు. లోపం ఎక్కడుందో తేల్చుకోవడం. రెండోది, లోపం రాకుండా చూసుకోవడం.

ఉప్పుగాలి ఏం చేస్తుంది

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. సముద్రపు గాలిలో వీటికి ఉప్పు తోడవుతుంది. ఉప్పు కరిగిన నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. తుప్పు అనేది మూలంలో ఒక విద్యుత్ రసాయన చర్య కాబట్టి, ఆ చర్య వేగం పెరుగుతుంది. ఉప్పులోని క్లోరైడు లోహాల మీద ఏర్పడే రక్షణ పొరను కూడా ఛేదిస్తుంది.

ఇంకో సంగతి అంతగా ప్రచారంలో లేదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే సాధారణ ఉప్పు ఆ తేమను తానే పీల్చుకుని నీరుగా మారుతుంది. వంటింట్లో ఉప్పు డబ్బా వానాకాలంలో చెమర్చడం అందరూ చూసేదే. అండమాన్‌లో తేమ సాధారణంగా 70 నుంచి 90 శాతం మధ్య ఉంటుంది. అంటే కారు అడుగున పేరుకున్న సన్నటి ఉప్పు పొర, వాన పడకపోయినా, బండి కదలకపోయినా చాలా రోజులు తడిగానే ఉంటుంది. తుప్పుకు ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు.

ఈ దీవుల్లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ పలకరిస్తాయి. వాన ఒకందుకు మేలే, పైపైన ఉన్న ఉప్పును కడిగేస్తుంది. అసలు చిక్కు వేసవి ముందు నెలలది. వాన ఉండదు, కడగడానికి మంచినీరు కూడా కరువే. ధనిఖారి జలాశయం మీద ఆధారపడిన శ్రీవిజయపురంలో ఆ రోజుల్లో నీటి కోత మామూలే. అందుకే ఇంటికప్పు మీద పడే వాన నీటిని పట్టి నిల్వ చేసుకోవడం ఇక్కడ కారు యజమానికీ అక్కరకొస్తుంది. వాన నీటిలో లవణాలు తక్కువ కాబట్టి కడిగిన తర్వాత మరకలూ మిగలవు.

ఎక్కడ కడగాలన్నది ముఖ్యం. పైకప్పు, బానెట్ మెరిసేలా తుడవడం కన్నా కారు అడుగుభాగం, చక్రాల పైనుండే గూళ్లు, సైలెన్సర్ కొక్కేలు, బ్రేకు పైపుల వెంట నీరు పట్టడం మేలు. తలుపుల కింది అంచున, మెట్టు పట్టీల కింద సన్నటి రంధ్రాలుంటాయి. లోపల చేరిన నీరు బయటికి పోయే దారులవి. ఆకులు, మట్టి అడ్డుపడితే నీరు లోపలే నిలిచి రేకు లోపలినుంచి తినేస్తుంది. బయటికి బుడగలా కనిపించే సమయానికి రేకు చిల్లు పడి ఉంటుంది. రెండు నెలలకోసారి మెత్తటి తీగతోనో ప్లాస్టిక్ పుల్లతోనో ఆ రంధ్రాలు తెరవడం ఖర్చు లేని మరమ్మతు. వాహనాన్ని రేవు దాటించే పంటు మీద ఎక్కించినప్పుడు అలల తుంపర నేరుగా అడుగుకు తగులుతుంది. అలాంటి ప్రయాణం తర్వాత ఒకసారి కడగడం తప్పనిసరి.

జాలర్లు ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్చుకున్నారు. పడవకు బిగించే ఇంజన్‌ను సముద్రం నుంచి తెచ్చాక మంచినీటితో నడిపి లోపలి ఉప్పును కడగడం వారికి నిత్యకృత్యం. కారు విషయంలోనూ సూత్రం అదే.

పెట్టెలో ఏముండాలి

వంద ముక్కల సెట్టు కొనాల్సిన పని లేదు. మన దేశంలో నడిచే కార్లలో బోల్టులు దాదాపు అన్నీ మిల్లీమీటరు కొలతలవే. జపాన్, కొరియా మూలాలున్న కార్లలో 10, 12, 14, 17, 19 కొలతలు ఎక్కువగా తగులుతాయి. ఐరోపా పద్ధతిలో రూపొందిన వాటిలో 13, 16 కొలతలు తరచూ కనిపిస్తాయి. చవగ్గా దొరికాయని అంగుళాల కొలతల పానాలు కొంటే అవి సరిగ్గా పట్టవు. బోల్టు తల అంచులు అరిగిపోతాయి.

ఒకవైపు తెరిచిన పానా, మరోవైపు రింగు ఉన్న కాంబినేషన్ పానాల సెట్టు, రాట్చెట్‌తో కూడిన సాకెట్ల సెట్టు, రెండు రకాల స్క్రూడ్రైవర్లు, ప్లయర్, వైరు బ్రష్, టార్చిలైటు, టైరు గాలి చూసే గేజి, డిజిటల్ మల్టీమీటర్: ఇవి ఉంటే ఇంట్లో చేయదగిన పనుల్లో అధికభాగం పూర్తవుతుంది. సాకెట్లలో లోపల పన్నెండు మూలలున్న వాటికన్నా ఆరు మూలలున్నవి దీవులకు మంచివి. తుప్పుపట్టి పలచబడ్డ బోల్టు తలను ఆరు మూలల సాకెట్ చదునైన ముఖాల దగ్గర పట్టుకుంటుంది. పన్నెండు మూలలది అంచుల దగ్గర పట్టుకుని జారిపోతుంది.

కొద్దిగా ఖర్చు పెట్టగలిగితే తర్వాత కొనదగినది టార్క్ రెంచి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా ఇది. చిన్న కార్ల చక్రాల నట్లకు సాధారణంగా 80 నుంచి 120 న్యూటన్ మీటర్ల బిగువు చెబుతారు. ఖచ్చితమైన అంకె ఆ కారు యజమాని పుస్తకంలో ఉంటుంది. బలం ఉంది కదా అని పానాకు గొట్టం తొడిగి బిగిస్తే స్టడ్ సాగిపోతుంది, తర్వాత దారిలో స్టెప్నీ మార్చాల్సి వచ్చినప్పుడు ఆ నట్టు కదలదు. నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగించడం, కొంత దూరం నడిపాక మళ్లీ సరిచూడటం మంచి అలవాటు.

కారును కాపాడే పనిముట్లకూ ఉప్పుగాలి తగులుతుందని మరవకూడదు. ఆరుబయట షెడ్డులో, సిమెంటు నేల మీద వదిలేసిన పానాలు ఒక్క వానాకాలంలో ఎర్రబడతాయి. వాడిన వెంటనే తుడిచి, సన్నగా నూనె పూసిన గుడ్డతో రుద్ది, రబ్బరు అంచుతో మూసుకునే డబ్బాలో పెట్టాలి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేస్తే తేమను పీల్చుకుంటాయి. అవి నిండినప్పుడు ఎండలోనో సన్నటి వేడి మీదనో ఆరబెట్టి తిరిగి వాడుకోవచ్చు. మల్టీమీటర్‌ను వాడనప్పుడు లోపలి సెల్లు తీసి ఉంచాలి. లేకపోతే సెల్లు కారి, కిలుము పట్టి, పరికరమే పాడవుతుంది. టార్క్ రెంచిని పని అయ్యాక కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టకపోతే లోపలి స్ప్రింగు అలసి లెక్క తప్పుతుంది.

ముందు నిర్ధారణ, తర్వాతే విడిభాగం

తాళం తిప్పితే ఇంజన్ ముక్కుతూ తిరిగి ఆగిపోతుంది. చాలామందికి తోచే మొదటి మాట ‘బ్యాటరీ పోయింది’. కొత్త బ్యాటరీ ఖరీదు తక్కువేమీ కాదు, సరిపోయే రకం దీవిలో సిద్ధంగా ఉండకపోవచ్చు. కాబట్టి ఆ మాట అనేముందు మల్టీమీటర్‌తో మూడు పరీక్షలు చేయాలి.

మొదటిది, కారు కొన్ని గంటలు నిలిచి ఉన్నాక బ్యాటరీ రెండు కొసల మధ్య చూడాలి. దాదాపు 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగానికి తగ్గినట్టు. 12 కన్నా తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టే. రెండోది, ఇంజన్ నడుస్తున్నప్పుడు అదే చోట చూడాలి. చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. అంత లేకపోతే నింపే ఆల్టర్నేటర్‌లోనో, దాన్ని తిప్పే బెల్టులోనో లోపం ఉన్నట్టు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొద్దిరోజుల్లో అదీ ఖాళీ అవుతుంది.

మూడో పరీక్ష దీవులకు మరీ ముఖ్యం. బ్యాటరీ నెగటివ్ కొస మీద ఒక తీగను, ఇంజన్ లోహభాగం మీద మరో తీగను ఆనించి, తోడుగా ఉన్నవారిని స్టార్టు చేయమనాలి. అంకె దాదాపు సున్నా దగ్గర ఉండాలి. అర వోల్టు దాకా చూపిందంటే విద్యుత్తు మధ్యలో ఎక్కడో అడ్డుపడుతోందని అర్థం. అడ్డు సాధారణంగా టెర్మినల్ మీదో, ఇంజన్‌ను బాడీతో కలిపే ఎర్తు పట్టీ బోల్టు దగ్గరో పేరుకున్న కిలుము, తుప్పు. విప్పి, వైరు బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూస్తే చాలు. ఓడ కోసం ఎదురుచూడాల్సిన సమస్య ఒక మధ్యాహ్నంలో తీరిపోతుంది.

బ్యాటరీ దగ్గర క్రమం తప్పకూడదు. విప్పేటప్పుడు నెగటివ్ తీగ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ తీగ చివర. పాజిటివ్‌ను ముందు విప్పబోతే పానా కారు లోహానికి తగిలి పెద్ద మెరుపు వస్తుంది. నింపుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. ఆ దగ్గర నిప్పు, సిగరెట్టు పనికిరావు. కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి.

కొత్త కార్లలో ఇంజన్ బొమ్మ ఆకారంలో పసుపు దీపం వెలిగితే స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు చిన్న స్కానర్ తగిలించి లోపం సంకేతం చదవవచ్చు. ఇక్కడే తొందరపాటు ఎక్కువ జరుగుతుంది. సంకేతం పాడైన విడిభాగం పేరు చెప్పదు, లోపం ఏ వ్యవస్థలో ఉందో మాత్రమే చెబుతుంది. ఉదాహరణకు పి0301 అంటే ఒకటో సిలిండరులో ఇంధనం సరిగా మండటం లేదని. కారణం స్పార్క్ ప్లగ్ కావచ్చు, ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. ప్రతి సిలిండరుకు విడి కాయిల్ ఉన్న కార్లలో, ఇంజన్ చల్లబడ్డాక ఒకటో కాయిల్‌ను రెండో దానితో మార్చి చూడాలి. సంకేతం పి0302గా మారితే లోపం కాయిల్‌దే. మారకపోతే కాయిల్ నిర్దోషి. ఖర్చు లేకుండా, ఏదీ కొనకుండా ఒక అనుమానం తీరుతుంది.

ఫ్యూజు కాలితే అదే ఆంపియర్ ఫ్యూజు వేయాలి. రంగును బట్టి గుర్తించవచ్చు: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పది ఆంపియర్ల ఫ్యూజు పదేపదే కాలుతోందని ముప్పై వేస్తే ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది. కారుకు నిప్పంటుకునే దారి అది.

కదలని బోల్టు

దీవుల్లో సొంత మరమ్మతు చేసేవారి ఓపికను పరీక్షించేది తుప్పుతో బిగుసుకున్న బోల్టు. బలప్రయోగం చివరి మార్గం కావాలి. ముందు వైరు బ్రష్‌తో మర కొసను శుభ్రం చేసి, లోపలికి ఇంకే నూనె చల్లి, కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా వదిలేయాలి. తర్వాత బోల్టు తల మీద సుత్తితో తేలికగా కొడితే తుప్పు పొర పగిలి నూనె లోపలికి దిగుతుంది. విప్పే ముందు రవ్వంత బిగించే వైపు కదపాలి. కదిలిన తర్వాత పావు చుట్టు వెనక్కి, అర చుట్టు ముందుకు అన్నట్టు మెల్లగా తీయాలి. ఒక్క ఊపులో లాగితే తల తెగి, బోల్టు లోపలే మిగిలిపోతుంది. ఆ తర్వాత పని డ్రిల్లుతో, షెడ్డులోనే.

తిరిగి బిగించేటప్పుడు సైలెన్సర్, అడుగు కవచం వంటి చోట్ల మరలకు పట్టేయకుండా కాపాడే యాంటీసీజ్ పూత పూయవచ్చు. చక్రాల నట్లకు మాత్రం తయారీదారు చెబితే తప్ప నూనె, గ్రీజు రాయకూడదు. రాస్తే అదే బిగువులో స్టడ్ మీద లాగుడు పెరిగిపోతుంది. తుప్పు పట్టదని అల్యూమినియం భాగాల్లోకి స్టెయిన్‌లెస్ బోల్టులు వేయడం కూడా ఇక్కడ ఎదురుతిరుగుతుంది. వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో కలిస్తే చిన్న బ్యాటరీలా పనిచేసి, బలహీనమైన లోహం, అంటే అల్యూమినియం, కరిగిపోతుంది.

జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు

ఇంటి మరమ్మతుల్లో ప్రాణాంతకమైన తప్పు జాకీ మీద ఆనిన కారు కిందికి దూరడం. కారుతో వచ్చే కత్తెర జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. హైడ్రాలిక్ జాకీలో ఒక చిన్న రబ్బరు సీలు చిరిగినా కారు క్షణంలో కిందికి దిగుతుంది. వాన తడిసిన మెత్తటి నేలలో జాకీ పాదం ఒరుగుతుంది. అండమాన్ ఇళ్లలో చాలా వాకిళ్లు ఏటవాలుగా ఉంటాయి. ఆ వాలు ఈ ప్రమాదాన్ని రెట్టింపు చేస్తుంది.

సమతలమైన గట్టి నేల మీదే ఎత్తాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, ఎత్తని వైపు చక్రాలకు ముందూ వెనకా గట్టి చెక్క దిమ్మలు పెట్టాలి. ఎత్తాక, యజమాని పుస్తకం చూపిన చోట, తగిన బరువు మోసే యాక్సిల్ స్టాండ్లు నిలిపి, కారును వాటిపైకి దించాలి. ఒకసారి చేత్తో ఊపి చూసి, స్థిరంగా ఉందనుకున్నాకే కిందికి వెళ్లాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు వద్దు. అవి హెచ్చరిక లేకుండా పగిలిపోతాయి. పాత కారులో స్టాండు ఆనే అంచు తుప్పు తిని ఉంటే అది కూడా ముడుచుకుపోతుంది. స్టాండ్లు లేని ఇంట్లో కారు కింది పని చేయకపోవడమే సరైన నిర్ణయం. మూసిన షెడ్డులో ఇంజన్ నడపడమూ అంతే ప్రమాదం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు.

ఎక్కడ ఆగాలి

కొన్ని పనులకు ఇంటి పెట్టె సరిపోదు. ఎయిర్‌బ్యాగు తీగలు సాధారణంగా పసుపు తొడుగులో, విద్యుత్ కార్ల అధిక వోల్టేజి తీగలు నారింజ తొడుగులో ఉంటాయి. ఈ రెండు రంగులు కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోవాలి. స్టీరింగు, ఏసీ గ్యాసు, ఇంధన పీడన గొట్టాల పని శిక్షణ పొందినవారిదే.

బ్రేకుల విషయంలో చూడటం వేరు, విప్పడం వేరు. రాత్రి వానకు తడిసిన డిస్కు మీద ఉదయానికి కనిపించే ఎర్రటి పొర రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది, భయపడనక్కరలేదు. పైపుల మీద పొలుసులుగా లేచే తుప్పు మాత్రం ఉపేక్షించరానిది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ద్రవం కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్. తేమ చేరాక ప్రమాణం ప్రకారం 155 డిగ్రీల వరకు పడిపోవచ్చు. వాలు దారిలో వరుసగా బ్రేకు వేసినప్పుడు ద్రవం మరిగి ఆవిరైతే పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. ఇంత తేమ ఉన్న చోట రెండేళ్లకోసారి ద్రవం మార్పించడం, మూత తీసి చాలాకాలమైన సీసా వాడకపోవడం మంచిది.

సరదా కొద్దీ చేసే మార్పులకు చట్టం హద్దు కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. మరమ్మతు చేసుకోవడం హక్కే. దానికి తోడుగా కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. అందులో చేర్చిన నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. మరమ్మతు సమాచారం, విడిభాగాలు, వారంటీ వివరాలు వినియోగదారుడికి అందుబాటులో ఉండాలన్నది దాని ఉద్దేశం. దగ్గర్లో కంపెనీ సర్వీసు కేంద్రం లేని దీవివాసికి ఇది మరింత ఉపయోగం.

పాత నూనె పోయే దారి

ఇంట్లో ఇంజన్ ఆయిల్ మార్చుకునేవారికి మిగిలే ప్రశ్న, తీసిన నూనెను ఏం చేయాలి? పెరట్లో పోస్తే వాన దాన్ని వాగులోకి, అక్కడి నుంచి మడ అడవుల్లోకి, పగడపు దిబ్బల దాకా తీసుకుపోతుంది. దీవిలో సముద్రం ఎక్కడా దూరం కాదు. వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వస్తుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి, సేకరించే సర్వీసు కేంద్రానికి అప్పగించాలి. తినే నూనె డబ్బాలు వాడితే పేరు రాసి ఉంచాలి. పాత బ్యాటరీని తెరిచి ఆమ్లం పారబోయడం నేరం, ప్రమాదం కూడా. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత వాటిని సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. కొత్తది కొన్న చోటే పాతది ఇచ్చేయవచ్చు.

ప్రయాణానికి ముందు రోజు

ఇవన్నీ నేర్చుకునే తీరిక లేనివారికి కూడా పదిహేను నిమిషాల పరీక్ష ఒకటి ఉంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చేయాలి. ఆయిల్ పుల్ల తీసి మట్టం చూడటం. కూలెంట్ డబ్బాలో గీతల మధ్య మట్టం ఉందో లేదో చూడటం. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత ఎన్నడూ తీయరాదు. రబ్బరు గొట్టాలను నొక్కి, బెల్టు పగుళ్లు పరిశీలించడం. బ్యాటరీ కొసలు చేత్తో కదిలించి చూడటం. స్టెప్నీతో సహా అయిదు టైర్లలో గాలి కొలవడం. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే గాడుల మధ్యనున్న గుర్తులు పైకి తేలతాయి. అప్పుడు ఆ టైరుకు కాలం తీరినట్టే. వైపర్లు, దీపాలు, వీల్ పానా, జాకీ ఉన్నాయని నిర్ధారించుకోవడం.

మరునాడు జిర్కాటాంగ్ వరుసలో ఆ కారు కూడా నిలబడుతుంది. ముందు బండి కదిలినప్పుడు అది కదలాలి, అవతలి రేవు చేరేదాకా ఆగకూడదు. ఇంటి దగ్గర పనిముట్ల పెట్టె ఉండటానికి అసలు కారణం అదే.